డెర్రీ కుర్రాళ్ళ బ్యాండ్ గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం. పంక్ రాక్, అంటే వేగంగా, సూటిగా, గట్టిగా సాగే రాక్ సంగీతం, అనగానే అందరూ లండన్, న్యూయార్క్ అంటారు, కానీ నార్తర్న్ ఐర్లాండ్‌లోని డెర్రీ నుంచి వచ్చిన ది అండర్‌టోన్స్ గురించి మన పేపర్లలో ఎక్కడా కనపడదు, అది నాకు చాలా బాధ. ఇద్దరు అన్నదమ్ములు, స్కూల్ ఫ్రెండ్స్, చుట్టుపక్కల కుర్రాళ్ళు కలిసి 1970ల మధ్యలో మొదలెట్టారు, మొదట వేరేవాళ్ళ పాటలే వాయించేవాళ్ళు, తర్వాత న్యూయార్క్ పంక్ బ్యాండ్ రామోన్స్ పాటలు వినేసరికి దారి మారిపోయింది. అప్పట్లో అక్కడ రాజకీయ, మత వర్గాల మధ్య హింస నడుస్తోంది, బయట వీధుల్లో సైన్యం, బాంబులు, కాల్పులు, వీళ్ళేమో ఆ వయసు కుర్రాళ్ళ మనసులో ఉండేదే పాడారు, నా దృష్టిలో అదే పెద్ద ధైర్యం. 1978లో బెల్‌ఫాస్ట్‌లోని గుడ్ వైబ్రేషన్స్ అనే చిన్న రికార్డు కంపెనీ వాళ్ళ 'టీనేజ్ కిక్స్' పాట రిలీజ్ చేసింది, బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ అనే డీజే దాన్ని వేసి, అయిపోగానే మళ్ళీ వేశాడు! ఒక పాటని వెంటవెంటనే రెండుసార్లు వేయడం అంటే మాటలా? 2004లో ఆయన పోయాక సమాధి రాయి మీద కూడా ఆ పాటలో లైనే చెక్కారు. ఆ రేడియో వల్లే సైర్ రికార్డ్స్ అనే అమెరికా రికార్డు కంపెనీ వాళ్ళు వచ్చి బ్యాండ్‌తో ఒప్పందం మీద సంతకం చేయించుకున్నారు. 1983లో విడిపోయారు, 1999లో కొత్త సింగర్ పాల్ మెక్‌లూన్‌తో మళ్ళీ కలిశారు. పాట రాసిన జాన్ ఓనీల్, పాడిన ఫియర్గల్ షార్కీ గురించి ఆదివారం సంచికలో ఒక పేజీ ఇవ్వండి సార్, గిటార్ నేర్చుకుంటున్న పిల్లలు చదవాలి.

ఇట్లు, మీ పాఠకుడు