‘నీకేం తక్కువ’ అని అడగనివారికి

ఈ నాలుగు మాటలు రాయడానికి నాలుగు నెలలుగా వెనకాడుతున్నాను. కారణం సిగ్గు. ఉద్యోగం పోయి మళ్లీ నిలదొక్కుకున్నవారు, జబ్బుపడి లేచినవారు కృతజ్ఞతలు చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. పదోన్నతి వచ్చాక దిగులు పట్టుకుంది, అందులోంచి లాగినవారికి దండం పెడుతున్నాను అంటే మాత్రం ‘కడుపు నిండిన బేరం’ అంటారు. అనండి, పరవాలేదు. ఏడాదిన్నర పాటు నన్ను నేను అదే మాట అనుకున్నాను.

నేను కట్టడాల డిజైన్ ఇంజనీర్ని. బరువు ఎక్కడ పడుతుంది, దాన్ని ఏది మోస్తుంది, ఎంత మోయగలదు అని లెక్క కట్టడం నా పని. 19 ఏళ్లు చేశాను. తర్వాత విభాగాధిపతిని చేశారు. ఉత్తర్వు చేతికి వచ్చిన రోజు దాన్ని సొరుగులో పెట్టి, అప్పటికే బల్ల మీద పేరుకున్న సెలవు దరఖాస్తులు చూడడం మొదలుపెట్టాను. సంతోషం సాయంత్రానికి వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ఆ నెలా రాలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అంటారు కదా, నా విషయంలో గొంగళి పోయి పట్టు దుప్పటి వచ్చింది, చోటు మాత్రం మారలేదు.

చెప్పుకుంటే అందరూ ఒకే మాట: ‘నీకేం తక్కువ?’ ప్రేమతోనే అడిగేవారు. దానికి నా దగ్గర జవాబు లేదు, నిజంగానే ఏదీ తక్కువ లేదు. జవాబు లేని ప్రశ్న పదేపదే ఎదురైతే మనిషి మాట్లాడడం మానేస్తాడు. నేనూ మానేశాను.

ఆ ప్రశ్న అడగని మొదటి మనిషి మా ఆయన. ఒక రాత్రి నేను పాత లెక్కల పుస్తకం తెరిచి, పదేళ్ల కిందట కట్టిన ఒక దూలం లెక్కను ఊరికే మళ్లీ చేస్తూ కూర్చున్నాను. వచ్చి చూసి, ‘ఇది ఆఫీసు పనా?’ అన్నారు. కాదన్నాను. ‘చాలా రోజుల తర్వాత నీ ముఖం ఇలా చూస్తున్నాను’ అని చెప్పి వెళ్లి పడుకున్నారు. మర్నాడు ఒక కౌన్సెలర్ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చారు. ఉపన్యాసం ఇవ్వలేదు. ఆయనకు నా కృతజ్ఞతల్లో సగం ఆ ఇవ్వని ఉపన్యాసానికే.

కౌన్సెలర్ గారు పేరు రాయవద్దన్నారు. నేను వెళ్లగానే జీవిత పరమార్థం గురించి మాట్లాడతారనుకున్నాను. ఆమె తొమ్మిది ప్రశ్నల కాగితం చేతిలో పెట్టారు. గత 2 వారాల్లో నిద్ర, ఆకలి, ఆసక్తి, ఏకాగ్రత ఎలా ఉన్నాయన్న ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. కుంగుబాటు ఛాయలు ఉన్నాయేమో చూడడానికి చాలాచోట్ల వాడేదే. డాక్టరును కలిసి థైరాయిడ్ కూడా చూపించుకోమన్నారు. అది మందగించినా ఉత్సాహం చచ్చిపోతుందట. ‘ముందు ఇవి కావని తేల్చుకుందాం. జబ్బుకు తత్వం చెబితే తగ్గదు’ అన్నారు. నా విషయంలో రెండూ కాదని తేలింది. ఇలాంటి దిగులు ఉన్నవారెవరైనా ఇది చదువుతుంటే, ఆ మెట్టు దాటవేయకండి. నేనైతే దాటవేసేదాన్నే.

పనిలో పూర్తిగా కాలిపోయాను, బర్నవుట్ అయి ఉంటుంది అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణ దాన్ని జబ్బుగా కాక, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా చెబుతుందట. దానికి మూడు ముఖాలు: సత్తువ అయిపోవడం, పని మీద ఏవగింపు, పని సరిగా చేయలేకపోతున్నామన్న భావం. ‘మీరు అర్ధరాత్రి ఊరికే దూలం లెక్క కట్టారు. పని మీద ఏవగింపు ఉన్న మనిషి చేసే పనేనా అది?’ అన్నారు. నా దగ్గర జవాబు లేని ప్రశ్నే, కానీ ఈసారి ఆలోచించాలనిపించింది.

పదోన్నతి సంతోషం ఎందుకు రాలేదని అడిగితే పాత సంగతి ఒకటి చెప్పారు. బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1971లోనే దీన్ని సుఖాల ట్రెడ్‌మిల్‌గా వర్ణించారు: కొత్త సుఖానికి మనసు త్వరగా అలవాటుపడి, మళ్లీ పాత మట్టానికే చేరుతుంది. తర్వాత 1978లో బ్రిక్‌మన్, మరో ఇద్దరు కలిసి లాటరీ గెలిచిన 22 మందిని అడిగితే, వారు మామూలు మనుషుల కంటే గుర్తించదగినంత ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. పైగా రోజువారీ చిన్న చిన్న ఆనందాలు వారికి కాస్త చప్పబడ్డాయి. ఇరవై రెండు మంది చాలా తక్కువే, ఆ ఒక్క లెక్క మీద నేనైతే కట్టడం లేపను. కానీ ట్రెడ్‌మిల్ అనగానే నాకు మన గానుగెద్దు గుర్తొచ్చింది. ఎద్దు అలవాటుపడింది సరే, తిప్పుతున్న గానుగలో గింజలు ఉన్నాయా లేవా అన్నది నా ప్రశ్న.

దానికి ఆమె పెట్టిన పని చాలా చప్పనైనది. రెండు వారాల పాటు ప్రతి అరగంటకూ ఏమి చేశానో రాయాలి. పక్కన ప్రాణం లేచివస్తే కూడిక గుర్తు, ఉసూరుమంటే తీసివేత గుర్తు. నేను లెక్కల మనిషిని కాబట్టి శ్రద్ధగానే రాశాను. మొత్తం 92 గంటలు. అందులో నా చేత్తో లెక్క కట్టింది, ఎవరి లెక్కనైనా కూర్చుని సరిచూసింది మూడు గంటలు. కూడిక గుర్తులు దాదాపు అన్నీ ఆ మూడు గంటల దగ్గరే గుంపుగా ఉన్నాయి. కాగితం చూసి కాసేపు మాట రాలేదు. నాకు పని విసుగెత్తలేదు, పని చేయడమే ఆగిపోయింది. బాగా చేసినందుకు బహుమానంగా దాన్ని నా దగ్గరి నుంచి తీసేసుకున్నారు, నేను ధన్యవాదాలు చెప్పి సంతకం పెట్టాను. తప్పు ఎవరిదీ కాదు. అడగవలసిన సమయంలో నేను అడగలేదు, అంతే.

ఇలాంటివారు కొత్త కాదట. అమెరికాలోని ఎమ్.ఐ.టి. ఆచార్యుడు ఎడ్గార్ షైన్, మేనేజ్‌మెంట్ చదివిన 44 మందిని పదేళ్లకు పైగా గమనించి, ఒక్కొక్కరికీ వదులుకోలేనిది ఒకటి ఉంటుందని, దాన్ని లంగరు అనవచ్చని చెప్పారు. కొందరికి అది పెత్తనం, కొందరికి స్థిరత్వం, కొందరికి చేతిలోని విద్య. మూడో రకం వారిని పెద్ద కుర్చీలో కూర్చోబెడితే వారికి ఊపిరాడకపోవచ్చు. మేనేజ్‌మెంట్ చదివినవారిలోనే ఇలాంటివారు ఉంటే, నాలాంటి ఇంజనీరు సంగతి చెప్పేదేముంది?

తర్వాత నాకు మొదట పని నేర్పిన పెద్దాయనకు ఫోన్ చేశాను. పదవీ విరమణ చేసి చాలాకాలమైంది. ‘ఏమ్మా, ఈ మధ్య ఏమి లెక్క కట్టావు?’ అన్నారు, క్షేమ సమాచారాల కంటే ముందే. ఏమీ లేదన్నాను. కాసేపు ఆగి, ‘నీకు పని నేర్పాను గానీ, మానడం నేర్పలేదే’ అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ రాత్రే మా పై అధికారికి ఉత్తరం రాశాను: వారానికి రెండు ఉదయాలు నేను డిజైన్లే చూస్తాను, సెలవులు, హాజరు, నివేదికల పని నా సహాయకురాలికి అప్పగిస్తాను, ఆరు నెలలు చూడండి, నచ్చకపోతే మానేద్దాం. ఆయన ఒప్పుకున్నారు. ఆమె కూడా ఇష్టంగానే తీసుకుంది. నాకు తీసివేత గుర్తు పడిన చోట ఆమెకు కూడిక గుర్తు పడుతోంది, చిత్రమే.

చివరగా మా బృందంలో అందరికంటే చిన్నవాడైన ఇంజనీరుకు. తను నాకు సాయం చేశాడని అతనికి తెలియదు. ఒక ఉదయం మట్టిని ఆపే గోడ లెక్క పట్టుకుని వచ్చాడు. గోడ వెనుక నీరు చేరితే ఏమవుతుందన్నది అందులో లేదు. ఇద్దరం కాగితం ముందు వేసుకుని కూర్చున్నాం. 4 మీటర్ల ఎత్తున నీరు నిండితే, గోడ పొడవులో ప్రతి మీటరునూ ఆ నీరొక్కటే దాదాపు 8 టన్నుల బలంతో నెడుతుంది. అందుకే నీరు పోయేందుకు గోడలో రంధ్రాలు వదులుతారు, అవి పూడుకుపోతే ముప్పు. (దీన్ని నా కథకు ఉపమానంగా వాడుకోవాలని చేతులు దురదపెడుతున్నాయి. వాడను. అది ఉత్త గోడ.) తల ఎత్తేసరికి రెండు గంటలు గడిచాయి, నేను వెళ్లవలసిన సమావేశం అయిపోయింది.

ఇప్పటికీ సోమవారం నివేదికల దగ్గర ఆవలింతలు వస్తూనే ఉన్నాయి. ఆరు నెలల గడువులో ఇంకా రెండు నెలలున్నాయి, ఆ తర్వాత ఏమవుతుందో చూడాలి. మొన్న గురువారం ఆ అబ్బాయే నా లెక్కలో ఒక గుణకం తప్పు పట్టుకుని, ఎర్ర పెన్నుతో చుట్టి, భయపడుతూ తెచ్చి ఇచ్చాడు. సరిచేసిన లెక్క రేపు అతనికి చూపించాలి.