శాలువా అంటే కప్పుకునేది కదా సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను ఎమ్మిగనూరు నుండి రాస్తాండా. ముప్పై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నోణ్ణి, మోకాళ్లు పోయినాక మానేసినా, ఇప్పుడు పొద్దున్నే పేపర్ చదవడమే పని. మొన్న మన జిల్లా పేజీలో లెక్కపెట్టినా, ఒక్క రోజే ఐదు సన్మానాల ఫోటోలు, ఐదింట్లోనూ అదే శాలువా. తెలుసు కదా, మెరూన్ కలర్, బంగారు రంగు అంచు, మడత విప్పితే చేతిలోంచి జారిపోతాది, నూలు లేదు ఉన్ని లేదు, ఉత్త పాలిస్టర్.

ఇది ఇప్పుడెందుకు రాస్తాండానంటే మా తమ్ముని కొడుకు బీఎస్ఎఫ్‌లో చేస్తాడు, మేఘాలయలో గారో హిల్స్ కింద బంగ్లాదేశ్ బోర్డర్ కాడ డ్యూటీ. సంక్రాంతికి లీవులో వస్తా వాళ్ల పెద్దమ్మకి ఒక శాలువా తెచ్చినాడు. అక్కడ హాజోంగ్ అని ఒక తెగ, వరి పండించుకునేవాళ్లు, అస్సాంలోనూ ఉన్నారు, బోర్డర్ అవతల మైమెన్‌సింగ్ పక్క కూడా ఉన్నారు. వాళ్ల ఆడోళ్లు పాథిన్ అని ఎద మీద నుండి పిక్కల దాకా ఒకటే గుడ్డ చుట్టుకుంటారు, ఎర్ర పట్టీల నడుమ అడ్డచారలు వస్తాయి దానికి. చలికాలం పైన కప్పుకునే శాలువా పేరు అర్గన్.

నేత చేసినోని చెయ్యి ఊరికే ఉండదు, తిరగేసి చూసినా. అంచు ఒక చోట వేలెడంత లోపలికి పీక్కపోయింది, పేక (అడ్డం దారం) బిగువెక్కిన చోటు అది, నేను గనక అట్ల నేసింటే మేస్త్రీ కూలి కోసేవాడు. కానీ దాన్ని చూసినాకే నాకు ఆ గుడ్డ మీద ప్రేమ పుట్టింది, ఆమెని ఎవరో పిలిచింటారు, పిల్లోడు ఏడ్చింటాడు, చెయ్యి అక్కడ ఆగి మళ్లీ పట్టుకున్యాది. వాళ్ల మగ్గం పేరు బానా, అంతా చేతుల్తోనే, కాళ్ల పని లేదు అంటాడు వీడు. కాళ్లతో తొక్కకుండా పడుగు (నిలువు దారాలు) ఎట్ల విడిపోతాదిరా, నాడె (పేకని అటూ ఇటూ మోసేది) యాడ దూరతాదిరా అని వాణ్ణి ఒక పూటంతా సతాయించినా పాపం, వాడు తుపాకీ పట్టుకునేవాడు, వానికేం తెలుస్తాది.

వాళ్లల్లో దాదాపు ప్రతి ఇంట్లో మగ్గం ఉంటాదంట, ఆడమనిషి నేస్తాది, తానే కట్టుకుంటాది. మన పక్క అట్ల కాదు, కులం పని, కూలి పని. మా అమ్మ జీవితమంతా రాట్నం తిప్పి నేతకి కండెలు (దారం చుట్టలు) చుట్టింది, ఆమెని ఎవురూ నేత మనిషి అనలా. 2019-20 చేనేత లెక్కల్లో దేశం మొత్తం మీద చేనేత పనోళ్లు 35 లక్షల మంది ఉంటే నూటికి 72 మంది ఆడోళ్లే. ఇంగ ఆ సన్మానం ఫోటోల్లో చూడండి, అందరూ మగోళ్లే, సరే అది వేరే ఉత్తరం రాయాల.

నేను చెప్పేది ఒకటే. అక్కడ శాలువా చలికి కప్పుకుంటారు, ఇక్కడ ఫోటోకి కప్పుతారు. కర్నూలు ఎండలో శాలువా ఎందుకు సార్ అసలు? కప్పాలనే ఉంటే మన దగ్గర లేవా? 1938లో మాచాని సోమప్ప గారు మా ఊర్లో చేనేత సొసైటీ పెట్టినారు, ఆయనకి 1954లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు, ఇక్కడ నేసిన దుప్పట్లు టవళ్లు యాడాడికో పోయినాయి. కళ్యాణదుర్గం పక్క కురువోళ్లు గొర్రె ఉన్ని వడికి, చింతపిక్కల గంజి పెట్టి కంబళి నేస్తారు, వానలో కప్పుకున్నా లోపలికి చుక్క దిగదు. 1985 చట్టంలో మరమగ్గాలు ముట్టుకోకూడదని చేనేతకి వదిలిన 11 రకాల్లో శాలువా పేరు కూడా ఉంది, కొనేవాడు అడిగితే కదా.

మీరు ఒక పని చెయ్యండి, ఫోటో కింద కప్పినాయన పేరు, కప్పించుకున్నాయన పేరు వేస్తారు కదా, దాంతో పాటు ఆ గుడ్డ యాడ నేసిందో ఒక్క ముక్క వెయ్యండి. నెల రోజులు వేస్తే చాలు, సిగ్గుకైనా ఇద్దరు ముగ్గురు మారతారు.

మా ఆవిడ ఆ అర్గన్ కప్పుకొని పొద్దున పాలకి పోతాంది. నాకు ఆగస్టు 7న చేనేత దినోత్సవం సభలో కప్పిన శాలువా బీరువాలో కవర్ తియ్యకుండా ఉంది. అది కూడా పాలిస్టరే సార్.

ఇట్లు,
ఒక పాత నేతగాడు,
ఎమ్మిగనూరు, కర్నూలు జిల్లా