బుజ్జికి, స్పీకర్లు కొనే ముందు

కావలి

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. పాటలు మిక్స్ చేసుకోడానికని నువ్వు వాట్సాప్‌లో పెట్టిన మానిటర్ స్పీకర్ల వివరాలు చూశాను. ఎనిమిది అంగుళాలవి, 35 హెర్ట్జ్ బేస్ నుంచి 20 కిలోహెర్ట్జ్ పై స్వరాల దాకా పలుకుతాయని పెద్దక్షరాల్లో వేశాడు. ఆ అంకెల పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎన్ని డెసిబెల్సో, అంటే సౌండ్ ఎంత హెచ్చుతగ్గులవుతుందో మాత్రం రాయలేదు, చూశావా? అది లేకపోతే 35 దగ్గర సౌండ్ మిగతావాటితో సమానంగా వస్తోందో, పది డెసిబెల్స్ పడిపోయాక వస్తోందో తెలీదు. పది పడితే చెవికి సుమారు సగమే వినిపిస్తుంది. ప్లస్ ఆర్ మైనస్ 3 అని రాసినవాణ్ణి కొంత నమ్మొచ్చు. అక్కడా హెచ్చుకీ తగ్గుకీ మధ్య ఆరు డెసిబెల్స్ తేడా ఉండొచ్చు, మర్చిపోకు. ఏ స్వరం ఎంత వస్తుందో చూపే గ్రాఫ్ మరీ నున్నగా ఉంటే సంబరపడొద్దు, ఎత్తుపల్లాలు కనపడకుండా సగటు తీసి గీస్తారు.

పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ సెట్టు కట్టే మనకి బాక్సులు గుండెల్లో దడదడలాడిస్తేనే డబ్బులు. గుడి మీద హారన్‌కి బేస్ దాదాపు లేకపోయినా మధ్య స్వరాలు దూసుకుపోతాయి కాబట్టి పొలం గట్టు దాకా మాట తెలుస్తుంది. ఎక్కడి పని అక్కడిది. నీ పని వేరు, గొంతునీ వాయిద్యాలనీ సమపాళ్లలో కలిపే మిక్సింగ్. స్పీకర్ బేస్ ఎక్కువ చూపిస్తే నీకు తెలీకుండానే మిక్స్‌లో డోలు తగ్గించేస్తావు. అదే పాట కార్లో పెడితే డోలు డొల్లగా ఉంటుంది. యమహా ఎన్‌ఎస్-10 అని 1978లో వచ్చిన తెల్ల కోన్ స్పీకర్‌కి బేస్ తక్కువ, మధ్య స్వరాలు ఎత్తు. అయినా స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాడారు. గొంతులో తప్పులు దాచకుండా బయటపెడుతుందని.

అసలు తంటా గదితో. మేడ మీద గది పదికి పది, శ్లాబు ఎత్తూ పదే. ధ్వని సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. పదడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర అది కదలకుండా నిలబడుతుంది. మూడు వైపులా ఒకటే కొలత కాబట్టి మూడూ అక్కడే పోగుపడతాయి. గది నడిమధ్యలో కూర్చుంటే ఆ స్వరం మాయం, గోడకి ఆనుకుంటే గుయ్యిమంటుంది. పది డెసిబెల్స్ అటూ ఇటూ అవడం చిన్న గదుల్లో మామూలే. కంపెనీవాడి ప్లస్ ఆర్ మైనస్ 3 అక్కడ ఏం నిలుస్తుంది? ఆ గదిలో ఎనిమిది అంగుళాలవి పెడితే ఆ మోత ఇంకా పెరుగుతుంది. గోడలకి దుప్పట్లు కడితే పై స్వరాలే చస్తాయి, బేస్ చెక్కుచెదరదు. దానికి మూలల్లో మందంగా రాక్‌వుల్, అంటే రాతి పీచు నింపాలి.

అందుకని కింద మధ్య గది తీసుకో. పదికి పద్నాలుగు. కనీసం పొడుగు వైపు లెక్క 40 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. స్పీకర్లు పొట్టి గోడ వైపు పెట్టి, మూలలకి దూరంగా ఉంచు. వెనక రంధ్రం ఉన్నవైతే గోడకి అంటించకు. చాలా స్పీకర్లకి వెనకాల బేస్ తగ్గించే స్విచ్ ఉంటుంది, గోడ దగ్గర తప్పకపోతే అది వాడు.

నా మాట వింటే ఐదంగుళాలవి చాలు. మిగిలిన డబ్బు రాక్‌వుల్‌కి పెట్టు. 50 హెర్ట్జ్ కింద ఏముందో హెడ్‌ఫోన్స్‌లో చూసుకోవచ్చు. షాపులో రెండు జతలు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చెయ్యమను, కాస్త గట్టిగా మోగేదే ఎవరికైనా మంచిదనిపిస్తుంది, అమ్మేవాళ్లకి ఆ కిటుకు బాగా తెలుసు. మన నెల్లూరు బాలు పాట ఒకటి చిన్న సౌండ్‌లో పెట్టించు. 'స', 'శ' చెవిలో గుచ్చుకుంటే ఆ జత వద్దు.

మధ్య గదిలో బియ్యం బస్తాలు ఆదివారం తీయిస్తాను. స్టాండ్లు కొనకు. నీ కుర్చీలో కూర్చుని నేల నుంచి చెవి దాకా ఎంతుందో కొలిచి పంపు. ట్వీటర్, అదే పై స్వరాలు పలికే చిన్న ముక్క, ఆ ఎత్తుకి వచ్చేలా వెల్డింగ్ షాపులో చేయిస్తాను.

ఇట్లు,
నాన్న