రంగు వేసి, రంగు తుడిచి వెళ్ళిన తెనాలి పెద్దాయనకు

నిన్న రాత్రి మా జిల్లా పరిషత్ హైస్కూలు వార్షికోత్సవంలో పిల్లల నాటిక గట్టెక్కింది. కాలవలను కమ్మేసే గుర్రపుడెక్క అనే కలుపు మొక్క మీద, మా ఎకో క్లబ్బు (పర్యావరణ క్లబ్బు) పిల్లలే రాసుకున్న నాటిక. 35 నిమిషాలు, 14 పాత్రలు. టెంటు సామాను ఇంకా వెనక్కి పోలేదు. స్టేజీ మీద కాలవ బురద చారలు కట్టి ఎండిపోయి ఉంది. ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, అక్షరాలు తప్పితే సర్దుకోండి.

చెయ్యి వేసిన వాళ్ళందరికీ దండాలు చెప్పడానికే ఇది రాస్తున్నాం. ముందు ఆ పెద్దాయన సంగతి.

మేకప్పుకు మాట్లాడుకున్న మనిషి మధ్యాహ్నం నుంచి ఫోను ఎత్తలేదు. పెళ్ళిళ్ళ రోజులు, ఎక్కడ ఇరుక్కున్నాడో. పిల్లలు ఆగుతారా? తల నెరిసినట్టు కనబడాలని టాల్కం పౌడరు, బుగ్గలకు కుంకుమ, మీసానికి కాటుకతో ఒక పట్టీ, అన్నీ పూసేసుకున్నారు. చుట్టాలింట్లో పెద్దకర్మకని రేపల్లె రైల్లో వచ్చి ఇక్కడ దిగిన ఒక తెనాలి పెద్దాయన, మైకు టెస్టింగు విని గేటు దగ్గర ఆగారు. వయసులో ఉండగా పద్యనాటకాల వాళ్ళకు మొహాలు దిద్దిన చెయ్యి అని తర్వాత తెలిసింది. ఎవరూ పిలవలేదు. నేరుగా లోపలికి వచ్చి, కుంకుమ పూసుకున్న ఏడో తరగతి పిల్ల గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూసి, "అమ్మడూ, ఇది రెండ్రోజులు పోదే, చెమట పట్టిందంటే మంట" అన్నారు. ఉత్తరీయం తీసి కుర్చీకి వేశారు, చొక్కా చేతులు మడిచారు.

అప్పుడు నాలుగున్నర. ఏడింటికి తెర లెయ్యాలి. మనిషికి పది నిమిషాలు అనుకున్నా 14 మందికి 140 నిమిషాలు, అంటే మధ్యలో మంచినీళ్ళకు కూడా లేవకూడదు.

ఆయన అడిగిన మొదటి మాట రంగుల గురించి కాదు, లైట్ల గురించి. "ఏ సీనులో ఏ కాయితం వేస్తున్నారు?" అన్నారు. మూడో సీను రాత్రిపూట కాలవగట్టు, దీపం ముందు నీలం జిలటిన్ కాయితం (వెలుగుకు రంగు తెచ్చే పల్చటి కాయితం). ఎర్ర లిప్‌స్టిక్కు నీలం వెలుగులో నల్లగా కనబడుతుందట. పిల్లల పెదాలు బొగ్గు నాకినట్టుంటాయని చెప్పి, టీచర్ల బ్యాగుల్లోంచి గోధుమరంగుది వెతికించి అదే వాడారు. ఇన్నేళ్ళుగా మా వార్షికోత్సవం ఫొటోల్లో రాత్రి సీన్లన్నీ ఎందుకు అలా ఉంటాయో నిన్న అర్థమైంది.

తలకు టాల్కం పౌడరు ఎందుకు పనికిరాదో కూడా చూపించారు. ఒక పిల్లను తల విదిలించమన్నారు. హాలోజన్ వెలుగులో పొగ లేచినట్టు లేచింది. మెడికల్ షాపు నుంచి జింక్ ఆక్సైడ్ పొడి తెప్పించి, అరచేతిలో రెండు చుక్కల కొబ్బరినూనెతో మెదిపి, పాత టూత్‌బ్రష్షుతో కణతల దగ్గరా నుదుటి అంచునా మాత్రమే దువ్వారు. తలంతా పూస్తే ముసలితనం రాదు, విగ్గు పెట్టినట్టుంటుంది. ముడతలకైతే గీతలు ఊహించి గీయలేదు. "నుదురు చిట్లించు, ఇప్పుడు నవ్వు" అని, చర్మం ఎక్కడ ముడుచుకుంటే అక్కడే సన్నగా పెన్సిలు పెట్టి, పక్కనే తెలుపు అంచు ఇచ్చారు. మీసం పట్టీలన్నీ తుడిపించి, వెంట్రుక వాలు ప్రకారం పొట్టి పొట్టి గీతలుగా మళ్ళీ దిద్దారు. పదో వరస నుంచి చూస్తే నిజం మీసమే.

మీసాలు ఎందుకంతమందికంటే, పదో తరగతి మగపిల్లలను స్పెషల్ క్లాసులని రెండు వారాల ముందు తీసేశారు. మునసబు, కాలవ నీళ్ళు చూసే లస్కరు, చేపల ఆసామి, అన్ని మగవేషాలూ ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలే వేశారు. ఆడవేషాలకు పెట్టింది పేరైన స్థానం నరసింహారావు గారు పుట్టిన బాపట్ల మాకు దగ్గరే. "ఆ రోజుల్లో మగవాళ్ళకు జడలు వేశాం, ఇవాళ మీకు మీసాలా" అని పెద్దాయన నవ్వారు. పాతకాలం మేకప్పు పెట్టెల్లో ఉండే అరదళం ఎవరు ఇచ్చినా పిల్లల మొహాన పెట్టొద్దని గట్టిగా చెప్పారు. అది ఆర్సెనిక్ సరుకు, విషం. ఈ మాట మిగతా స్కూళ్ళ వాళ్ళు కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంతవరకూ అయితే దండం పెట్టి పంపేవాళ్ళం. తెర పడింది, బహుమతులు అయ్యాయి, జనం లేచారు. పది దాటాక పిల్లలు కుళాయి దగ్గర మొహాలు కడుక్కోబోతుంటే ఆయన చీకట్లోంచి కేకేశారు. వెళ్ళిపోయారనుకున్నాం, వెళ్ళలేదు. నూనెతో కలిపిన రంగు నీళ్ళకు పోదు, ఇంకా పాముకుని చర్మం రంధ్రాల్లో దిగబడుతుంది, పొద్దున్నకు పొక్కులు. ముందు నూనె పెట్టి తుడవాలి, ఆ తర్వాతే సెనగపిండో సబ్బో. తుడవడానికి గుడ్డ చూస్తే ఉన్నవన్నీ నైలాన్ తెరముక్కలు. ఆయన కుర్చీ మీది ఉత్తరీయం తీసి, అంచు పళ్ళతో కొరికి, పర్రున చింపారు. పద్నాలుగు ముక్కలు. ఒకరి ముక్క ఇంకొకరికి వాడనివ్వలేదు. ఒక్కో పిల్లనూ ముందు కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె అరచేతుల్లో రుద్ది వెచ్చచేసి, కళ్ళు మూసుకోమని, రెప్పల మీద మాత్రం వేలితో, మిగతాది గుడ్డతో పైనుంచి కిందికి తుడిచారు. చివరి పిల్ల ఆ చేతుల్లోనే కునికింది. దాని తల భుజానికి ఆనించుకుని రెండో చెంప తుడిచారు.

డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. పేరు అడిగితే "తాత అని రాసుకోండి" అన్నారు. ఆ రాత్రికి రైలు దాటిపోయింది. అంత అలసటలోనూ అది తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది.

ఇక మిగతావాళ్ళు. ఎలక్ట్రీషియన్ తమ్ముడు లేకపోతే స్టేజీయే అంటుకునేది. 500 వాట్ల హాలోజన్లు నాలుగు, అంటే 2000 వాట్లు, దాదాపు 9 ఆంపియర్లు. స్టేజీ గోడకున్నది 6 ఆంపియర్ల ప్లగ్గు. రెండు దీపాల దాకా ఓర్చుకుంది, నాలుగోది వేయగానే పొగ. అతను మెయిన్ బోర్డు నుంచి 4 ఎంఎం తీగతో వేరే లైను లాగి 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగే స్విచ్చు) పెట్టాడు. జిలటిన్ కాయితం దీపానికి అడుగు దూరంలో ఫ్రేముకు కట్టించాడు, ఆనిస్తే కాలుతుంది.

మైక్‌సెట్ కుర్రాళ్ళు స్పీకరు బాక్సులను మైకుల కంటే ముందుకు, జనం వైపు జరిపారు కాబట్టి మైకు కూత పెట్టలేదు. నేల మైకుల కింద స్పాంజి ముక్కలు పెట్టారు, లేకపోతే పిల్లల అడుగులు డబడబా వినిపించేవి. తెర తీగ మధ్యలో జారి రింగులన్నీ అక్కడే పోగుపడుతుంటే, తీగ తీసేసి ఇనప గొట్టం వేసింది కూడా వాళ్ళే. రెండు తెరలూ కలిసేచోట అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి, మావి అలా రాక, ఆ సందులోంచి లోపల కనబడింది. వచ్చేసారి చూసుకుంటాం.

గుర్రపుడెక్క తెచ్చిన ఎకో క్లబ్బు పిల్లలకు వేరే చెప్పాలి. రిహార్సలుకు పొద్దున కోసుకొచ్చినది మధ్యాహ్నానికే వాడి వేలాడింది. నిన్న వేళ్ళతో సహా తీసి ఆరు బకెట్లలో నానబెట్టి, తెర లేచే ముందు పది నిమిషాలకు పరిచారు. కింద టార్పాలిన్ వేశారు, మైకు తీగలు ఆ పక్కకు రానివ్వలేదు.

ఇప్పుడొక మాట, రాయకూడదేమో కానీ రాస్తున్నాం. హైస్కూళ్ళలో యూత్, ఎకో క్లబ్బులకు ఏడాదికి 25,000 అని నిబంధనల్లో ఉంది. ఆ డబ్బు మా చేతికి వచ్చేది ఏడాది చివర, వారంలో లెక్క చెప్పమనే కాగితంతో కలిసి. ప్రతిదానికీ జీఎస్టీ బిల్లు కావాలి. కొబ్బరినూనెకు బిల్లు వస్తుంది, ఉత్తరీయానికి ఏ బిల్లు పెట్టాలి? 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా బడి అంది. నాటకాలు, క్లబ్బులు ఆ పది రోజుల్లోకే తోసేసి, తొమ్మిదో తరగతి దాటితే మార్కులే బడి అన్నట్టు నడుస్తోంది. రెండు వారాల ముందు తీసేసిన ఆ మగపిల్లలు నిన్న గోడెక్కి నాటిక చూశారు. సంభాషణలు వాళ్ళకు ఇంకా కంఠతా వచ్చు.

ఇంట్లోవాళ్ళకు ఏం చెబుతాం, పంచెలూ చీరలూ వాళ్ళవే.

అయ్యో, మధ్యాహ్న భోజనం వండే అక్కలను మర్చిపోయాం. సాయంత్రం నలభై మందికి ఉప్మా చేశారు, ఎవరూ అడగకుండానే. హార్మోనియం ఇచ్చిన రామాలయం భజన వాళ్ళకు. బకెట్లు మోసిన ఆటో అబ్బాయికి. తెర లాగిన ఆరో తరగతి వాడికి, వాడి పేరు స్టేజీ మీద చదవలేదని ఏడ్చాడట. వాచ్‌మన్ బాబాయికి. జింక్ ఆక్సైడ్ అరువిచ్చిన మెడికల్ షాపుకు, సోమవారం డబ్బులు కట్టేస్తాం.

తెనాలి వైపు ఎవరైనా వెళ్తున్నారా? పొడవాటి మనిషి, ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా ఉంటుంది, పద్యనాటకాల వాళ్ళ దగ్గర అడిగితే తెలియవచ్చు. జరీ అంచు ఉత్తరీయం ఒకటి పిల్లలు చందా వేసి కొన్నారు. స్టాఫ్‌రూము బీరువాలో పెట్టాం.