ఎగ్జిబిషన్ మోడల్స్ షాపులో కొంటే ఇంజనీరింగ్ వస్తుందా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది అనంతపురం, పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా పాప ఏడో క్లాసు. పోయిన నెల వాళ్ళ స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ పెడితే వెళ్ళాం, సగం మోడల్స్ షాపులో కొన్నవే, మిగతావి అమ్మానాన్నలు అర్ధరాత్రి దాకా కూర్చుని అంటించినవి. పిల్లలు బట్టీ పట్టింది గడగడా అప్పజెప్తున్నారు, "ఇదెందుకు ఇలా పెట్టావమ్మా" అంటే టీచర్ మొహం చూస్తున్నారు. చాలా బాధేసింది.

ఆ ఆదివారం మా పాపకి కొబ్బరి చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు ఇచ్చి రెండు స్టూళ్ళ మధ్య బ్రిడ్జి కట్టమన్నా, లీటరు నీళ్ళ బాటిల్ ఆగాలి అంతే. అన్నీ నలుచదరం గళ్ళుగా కట్టింది, బాటిల్ పెట్టగానే మొత్తం పక్కకి ఒరిగి కూలిపోయింది. నేను చెప్పబోతుంటే మా ఆవిడ "మీరు ఊరుకోండి, దాన్ని చూసుకోనివ్వండి" అంది. మూడుసార్లు కూలింది, ఏడుపు మొహం పెట్టింది, చివరికి ఒక గడికి అడ్డంగా ఏటవాలు పుల్ల కట్టి చూసి "నాన్నా, మూడు పుల్లలైతే కదలట్లేదు, నాలుగైతే ఊగిపోతోంది" అని అరిచింది. మర్నాడు స్కూల్ బస్సులోంచి కరెంటు టవర్ చూసి, వాటిలో కూడా అన్నీ త్రిభుజాలే ఉన్నాయని ఇంటికొచ్చి చెప్పింది.

ఇక్కడ కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియంలో రైట్ సోదరుల విమానం నమూనా ఉంది. వాళ్ళ 1901 గ్లైడర్ (ఇంజను లేని విమానం) అనుకున్నంత పైకి లేవకపోతే, పుస్తకాల్లో లెక్కలే తప్పేమో అని సొంతంగా చిన్న గాలి సొరంగం (లోపలికి గాలి వదిలి పరీక్షించే పెట్టె) చేసుకుని రెక్కల ఆకారాలు ఒక్కొక్కటే పరీక్షించారు, 1903లో ఎగిరారు. పిల్లలకి ఆ విమానం చూపిస్తాం గానీ ఆ పరీక్షల సంగతి ఎవరు చెప్తున్నారండీ?

2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులకి, అంటే పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే స్కూలు ల్యాబులకి, కేంద్రం స్కూలుకి 20 లక్షల దాకా ఇస్తోంది, ఆరు నుంచి పన్నెండు క్లాసుల పిల్లల కోసం. మంచిదే. కానీ త్రీడీ ప్రింటర్ కంటే ముందు పిల్లలకి టైమ్ కావాలి. స్కూళ్ళవాళ్ళు వారానికి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వాలి, ల్యాబుకి తాళం వెయ్యకూడదు, బ్రిడ్జి కూలినా సరే ఎందుకు కూలిందో పిల్లాడు రాసుకుంటే దానికీ మార్కులెయ్యాలి. తల్లిదండ్రులారా, వచ్చే ఎగ్జిబిషన్‌కి దయచేసి షాపుకి వెళ్ళకండి.

ఇట్లు,
ఒక తండ్రి, మారతహళ్లి, బెంగళూరు