అవ్వ దారం

మారతహళ్ళి, బెంగళూరు

చిట్టీ,

ఆశీస్సులు. ఇక్కడ అంతా కులాసా. అవ్వ మోకాళ్ళ నొప్పులు ఎప్పటిలాగే, వాటి మీద ఫిర్యాదులూ ఎప్పటిలాగే.

మొన్న బీరువా సర్దుతుంటే, జనవరిలో నువ్వు శాన్‌ఫ్రాన్సిస్కోకు డైరెక్ట్ ఫ్లైట్‌లో వెళ్ళినప్పటి టికెట్ ప్రింటు దొరికింది. అవ్వ కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివింది. ఎక్కేది మధ్యాహ్నం 2:30, దిగేది సాయంత్రం 5:00, తారీఖు అదే. "రెండున్నర గంటలేనా! నంద్యాలకు పోవాలన్నా రాత్రంతా బస్సులో కూర్చోవాల్నే. ఇంత దగ్గరుండి అది పండక్కి రాదేంరా?" అని నా మీద పడింది.

దిగే టైము అక్కడి గడియారానిదమ్మా అన్నాను. చలికాలంలో మీరు మాకంటే 13 గంటల 30 నిమిషాలు వెనక. ఎండాకాలం మీ గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారు కాబట్టి 12:30. రెండున్నరకు పదమూడున్నర కలిపితే 16 గంటలు. సోమవారం మధ్యాహ్నం ఎక్కి, నడుమ ఒక రాత్రి గడిపి, మళ్ళీ సోమవారమే దిగడం ఆమెకు అస్సలు మింగుడుపడలేదు. "అయితే ఆ వారం జీతం ఒక రోజుది ఎక్కువిస్తారా?" అంది.

చివరికి నీ ఆరో తరగతి గ్లోబు దించాను. ఆస్ట్రేలియా దగ్గర సొట్ట అట్లాగే ఉంది. అవ్వ పూలు కట్టే దారం తెచ్చి, ఒక కొస బెంగళూరు మీద తను పట్టుకుంది, రెండోది నేను మీ ఊరి మీద పెట్టి బిగించాను. దారం తూర్పుకూ పోలేదు, పడమరకూ పోలేదు. దేవనహళ్ళి నుంచి హైదరాబాద్ బస్సు పోయినట్టు ఉత్తరానికి పోయింది. హిమాలయాలు, సైబీరియా దాటి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. స్కేలు పెడితే 22 సెంటీమీటర్లు. గ్లోబు నడుము చుట్టుకొలత 63, భూమిది సుమారు 40,000 కిలోమీటర్లు. లెక్క వేస్తే దాదాపు 14,000. అసలు దూరం కూడా అంతే. నా లెక్కల మాస్టారు ఉంటే మెచ్చుకునేవారు.

కానీ దారానికి గాలి లేదు, విమానానికి ఉంది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు నదిలా వీచే గాలి ఉంటుంది, చలికాలంలో మరీ జోరు. అందుకే మీ ఊరికి పోయేటప్పుడు పసిఫిక్ మీదుగా ఆ గాలిని వీపున వేసుకుని పోతారు. తిరిగి వచ్చేటప్పుడు 17 గంటలు దాటుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా మొదటి ఫ్లైట్ అక్కడి నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకు వచ్చింది, గుర్తుందా? కాక్‌పిట్‌లో నలుగురూ ఆడవాళ్ళే. వాళ్ళలో పాపగారి తన్మయి అనే పేరు పేపర్లో చూసి మీ అమ్మ రెండు రోజులు మురిసిపోయింది.

ఈసారి వచ్చేటప్పుడు నడవ పక్క సీటు తీసుకో. రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. నీళ్ళు తాగడం మర్చిపోకు.

ఇంకొకటి. దారం మన నంద్యాలను రాసుకుంటూ పోయిందని నోరు జారాను. విమానం సరిగ్గా అట్లా రాదని ఎంత చెప్పినా అవ్వ వినట్లేదు. నీ టికెట్ తేదీ తేలగానే రాయి. ఊళ్ళో చిన్నవ్వను మిద్దె ఎక్కి చూడమని ముందే ఫోన్ చేసి చెప్పాలట.

మీ నాన్న