ముక్కు వంకరైన కోడిని కోసేయనక్కరలేదు

సంపాదకులకు నమస్కారం.

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెల్లో పెరటి కోళ్లు తిరగని వీధి ఉండదు. ఆ కోళ్లలో అప్పుడప్పుడు ఒక పిల్లకు పై ముక్కు ఒక పక్కకు, కింది ముక్కు మరో పక్కకు తిరిగి, రెండూ కత్తెరలా ఒకదానినొకటి దాటిపోతాయి. అలాంటి పిల్ల కంటబడగానే ఇది బతికేది కాదని తేల్చేసి కోసేయడమో, తిన్నంత తింటుందిలే అని మందలో వదిలేయడమో చూస్తున్నాం. వదిలేసిన పిల్ల చుట్టూ నూకలు ఉండగానే ఆకలితో చిక్కి చస్తుంది. కొద్దిపాటి శ్రద్ధతో చాలావరకు ఇలాంటి పిల్లలు పెట్టలై గుడ్లు పెడతాయని, ఆ శ్రద్ధ ఎలా ఉండాలో పశువైద్యశాలల్లో నేర్పే ఏర్పాటు కావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక భయం తీరాలి. ఇది అంటురోగం కాదు. జుట్టుమీద, ముఖంమీద పొక్కులు లేపి దోమల ద్వారా కూడా పాకే కోళ్ల మశూచికీ దీనికీ సంబంధం లేదు. వంశపారంపర్యంగా రావచ్చు, పొదిగే 21 రోజుల్లో వేడి సరిగా అందకపోయినా, తల్లి కోడి మేతలో మాంగనీసు, బయోటిన్ వంటి పోషకాలు లోపించినా, పుట్టిన తరువాత ముక్కుకు దెబ్బ తగిలినా రావచ్చు. గుడ్డులోంచి వచ్చినప్పుడు తిన్నగానే కనిపించిన ముక్కు కొన్ని వారాలకు పక్కకు ఒరగడం, కోడి ఎదిగేకొద్దీ ఆ వంకర పెరగడం మామూలే. తిన్నని ముక్కు పైదీ కిందిదీ రాసుకుంటూ, నేలను పొడుస్తూ తనంతట తానే అరుగుతుంది. వంకర ముక్కుకు ఆ రాపిడి దొరకదు కనుక కొన పెరుగుతూనే ఉంటుంది.

మా ఇంట్లో ఇలాంటి పెట్ట ఒకటి ఉంది. నేలమీద చల్లిన గింజను అది ఎంత పొడిచినా అందుకోలేదు. గింజ ముక్కు పక్కనుంచి జారిపోతుంది. అదే దాణాను లోతైన గిన్నెలో పోసి, నీళ్లతో ముద్దలా కలిపి, గిన్నెను దాని వీపు ఎత్తున ఒక ఇటుకమీద పెడితే, తల ఒక పక్కకు వాల్చి కింది ముక్కును ముద్దలోకి దూర్చి ఎత్తుకుంటుంది; ఆ తరువాత మెడ పైకి చాచి మింగుతుంది. ముద్దలో సగం గడ్డానికీ ఛాతీ ఈకలకూ అంటుకుంటుంది. ముక్కు లోపలి అంచున ఎండి గట్టిపడిన పిండిని రోజూ తడిగుడ్డతో తుడవాలి. ఇంతకుమించి దాని తిండికి పెద్ద హంగామా ఏమీ అక్కరలేదు. గుడ్లకొచ్చిన పెట్టకు లేయర్ దాణా పిండి మంచిదే గాని, ఎదిగే పిల్లలకు అందులోని సున్నం ఎక్కువవుతుంది కాబట్టి వాటికి పిల్లల దాణానే వాడాలి. మన ఎండల్లో తడి దాణా తొందరగా పులుస్తుంది; అందుకని ఒక్కసారే కలిపి ఉంచకుండా కొంచెం కొంచెంగా పెట్టడం మేలు. బూజు పట్టిన శనక్కాయల చెక్కను మాత్రం ఏ కోడికీ పెట్టకూడదు, అందులో ఉండే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ముక్కు కత్తిరించడం దగ్గరే చాలామంది వెనకాడతారు. ముక్కు కొన మన గోరులాంటి పదార్థమే. అయితే లోపల కొంతమేర రక్తనాళాలు, నరాలు ఉంటాయి. లేతరంగు ముక్కును టార్చిలైటు వెలుతురుకు అడ్డంగా పెడితే ఆ భాగం ఎర్రగా కనిపిస్తుంది. దానికి ఇవతలే, గోళ్ల కత్తెరతో కొంచెం కొంచెంగా తీసి, అంచును ఆకురాయితో నున్నగా రాయాలి. ఒకవేళ రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి మొక్కజొన్న పిండి అద్దాలి. చీకటిపడ్డాక కోడి నెమ్మదిగా ఉంటుంది కనుక తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకోవచ్చు. ఛాతీని మాత్రం గట్టిగా అదమకూడదు. మనకున్నట్టు కోడికి ఊపిరి ఆడించే విభాజక పటలం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే దానికి గాలి అందుతుంది. మొదటిసారి పశువైద్యుల చేత చేయించి, పక్కనుండి చూసి నేర్చుకోవడమే సరైన పద్ధతి.

ఈకలు దువ్వుకోవడానికి కోడికున్న సాధనం కూడా ముక్కే. అది పనిచేయని కోడికి పేలు ఎక్కువ పడతాయి. పొడి మన్నూ బూడిదా కలిపిన చోట పొర్లనిచ్చి, రెక్కల కింద, తోక దగ్గర వారానికొకసారి వెతికి చూడాలి. తక్కిన కోళ్లు దాన్ని గిన్నె దగ్గరకు రానివ్వవు కనుక మేత వేరుగా పెట్టి, పొద్దుగూకాక మెడ కింద మేత సంచి నిండిందో లేదో వేళ్లతో తడిమితే ఆ రోజు తిన్నదీ లేనిదీ తెలుస్తుంది. కొక్కెర రోగం టీకా మిగతావాటితో పాటు దీనికీ వేయించాలి. దీని గుడ్లు తినవచ్చు. లోపం పిల్లలకు వచ్చే అవకాశం ఉంది కాబట్టి పొదగేయకపోవడం మంచిది. ఎంత చేసినా మింగలేక బాధపడే పిల్లలూ కొన్ని ఉంటాయి. వాటి విషయం పశువైద్యులు చూసి నిర్ణయించాలి గాని, ముక్కు ఒరిగింది అన్న ఒక్క కారణంతో కత్తి తీయడం న్యాయం కాదు.

ఇలాంటి కోడిని వెంటబెట్టుకుని వైద్యశాలకు వెళితే, ‘ఒక్క కోడికోసం ఇంత దూరమా’ అన్న మాట వినవలసి వస్తోంది. పెద్ద ఫారాల లెక్క వేరు. నాలుగైదు కోళ్లతో పిల్లల పుస్తకాల ఖర్చు గడుపుకునే ఇల్లాలికి ఒక పెట్ట అంటే వారం వారం చేతికందే గుడ్ల డబ్బు. 1955లో మొదలైన పశువైద్య కళాశాల, 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నాయి. అక్కడి నిపుణులు ముక్కు కత్తిరించే తీరు, తడి దాణా కలిపే కొలతలు బొమ్మలతో సహా ఒక్క పేజీలో తెలుగులో రాసి ఇస్తే, పశుసంవర్ధక శాఖ దాన్ని ప్రతి మండల పశువైద్యశాల గోడకు అతికించగలదు. టీకాల శిబిరాలు పెట్టినప్పుడే ఒక కోడిని చేతిలో పట్టుకుని ఈ పని చేసి చూపించమని సిబ్బందికి ఆదేశాలివ్వాలని అధికారులను కోరుతున్నాను. ఆ పేజీ తయారైతే మీ వ్యవసాయ పేజీలో కూడా ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా